తీసిన బంతి తిరిగి వెయ్యని లెక్క

లావణ్య ఈ రోజు మళ్లీ ట్యూషన్‌కి వచ్చింది. కె. కోటపాడు నుంచి అనకాపల్లికి బస్సులో వచ్చి నా దగ్గర ఇంటర్ లెక్కలు నేర్చుకునే పిల్ల. పోయిన నెల వాళ్లమ్మ జ్వరంతో చనిపోయింది.

సంభావ్యత లెక్క ఇచ్చాను. సంచిలో ఐదు ఎర్ర బంతులు, మూడు తెల్ల బంతులు. ఒకటి తీసి, దాన్ని తిరిగి వెయ్యకుండా ఇంకొకటి తీయాలి. రెండూ ఎర్రవే అయ్యే అవకాశం ఎంత? చురుకైన పిల్ల, చిటికెలో చేసేస్తుందనుకున్నాను. రెండుసార్లూ ఎనిమిదింట ఐదే వేసింది.

"తీసింది మళ్లీ వెయ్యలేదు కదమ్మా, ఇంక సంచిలో ఎన్నుంటాయి?" అన్నాను.

"ఏడు సార్" అంది. నోటుబుక్కు వంకే చూస్తూ, "ఇంటికాడా ఇలాగే అవుతంది సార్. నానింకా నలుగురికే బియ్యం పోసేత్తన్నాను. వండేసేక గుర్తొత్తంది, అమ్మ లేదని" అంది.

తనే రెండోసారి వేసినది కొట్టేసి, ఏడింట నాలుగని దిద్దింది. జవాబు సరిగ్గా వచ్చింది.

పిల్లలు తప్పు చేస్తే చిరాకుపడే మాస్టారిని నేను. ఇవాళ ఒప్పు లెక్కకి టిక్కు పెట్టడానికి చెయ్యి రాలేదు. మీరైతే ఆ పిల్లకి ఏం చెప్పేవారు?