నక్షత్ర వనంలో నాకు కోడలి పరీక్ష

ఒక్క ఆదివారం ఉదయం, గడ్డిపరకైనా తెంపకుండా, నిండు కుటుంబాన్ని వరసపెట్టి ఎలా గండంలో పడేయవచ్చో మీకు తెలుసా? నాకు తెలుసు. చేసి చూశాను కాబట్టి చెబుతున్నాను. పైగా అది నేను కోడలిగా వెళ్ళాలని ఆశపడ్డ కుటుంబం!

అప్పుడు నేను గుంటూరు నుంచి తమిళనాడు వచ్చి షోళింగనల్లూరులో ఉద్యోగం వెలగబెడుతున్నాను. తమిళం వింటే సగం అర్థమయ్యేది. చదవడం మాత్రం ఒక్క అక్షరం రాదు, నేర్చుకుందామన్న సిగ్గూ లేదు. బాలాజీ మా ఆఫీసులోనే చేసేవాడు. అంబత్తూరులో తాతల నాటి నుంచీ స్థిరపడ్డ తెలుగువాళ్ళు. మా పెళ్ళికి వాళ్ళమ్మ రాజేశ్వరి గారు సరేనంటే చాలు, మిగతా ఇంటిల్లిపాదీ ఆవిడ వెనకే తలూపుతారు. ఇంట్లో అయితే నేను బిగుసుకుపోతానని, బొటానికల్ గార్డెన్‌లో కలుద్దామన్నాడు.

"అమ్మకు నక్షత్రాల పట్టింపు ఎక్కువ. నీది కనుక్కుని రా," అని ముందే హెచ్చరించాడు.

నేను కనుక్కోలేదు. ఎప్పుడడిగినా మా అమ్మ "ఇప్పుడెందుకే అవన్నీ?" అని మాట మార్చేసేది. ఇరవయ్యేడు నక్షత్రాలున్నాయి, ఏదో ఒకటి చెబితే పోలా అనుకున్నాను. చూశారా నా తెలివి!

మొదట అంతా బ్రహ్మాండం. ముళ్ళమొక్కల తోటలో ఆవిడ కొంగు చిక్కుకుంటే ఓపిగ్గా విడదీశాను. మూలికల తోటలో తిప్పతీగను చూసి తమలపాకు అన్నాను, ఆవిడ నవ్వి ఊరుకున్నారు. ఏనుగు ఆకారంలో కత్తిరించిన పొద ముందు ఇద్దరం ఫోటో కూడా దిగాం. "ఓర్పుండే పాపరా," అని ఆవిడ కొడుకుతో అనడం విని నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ తర్వాత వచ్చింది నక్షత్ర వనం. నక్షత్రానికొక చెట్టు, చెట్టు ముందు తమిళంలో పేరు చెక్కిన పలక.

"నీ చెట్టు యాడుందో చూడుమ్మా, దండం పెట్టుకుందువు," అన్నారావిడ.

ఎండ మాడ్చేస్తోంది. బాగా నీడ ఉన్న చెట్టొకటి చూసుకుని దాని కిందకు చేరాను.

"ఇదే ఆంటీ! చిన్నప్పట్నుంచీ ఈ చెట్టంటే నాకు ప్రాణం!"

ఆవిడ పలక చదివారు. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"మూలమా! ఒరే బాలాజీ, మీ నాయనకు బీపీ ఉండాది గదరా!"

మూలా నక్షత్రపు కోడలు మామగారికి గండమని కొందరి నమ్మకమట. ఆ ముక్క బాలాజీ అప్పుడు నా చెవిలో ఊదాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను కాలు కడుక్కోవడానికి కూడా అడుసులోకే వెళ్ళాను.

"అయ్యో, పొరపాటాంటీ! ఇది కాదు, పక్కది!"

"జ్యేష్ఠనా? అది బావకు గండం! మా పెద్దోడికి ఇప్పుడే బిడ్డ పుట్టిండాది!"

నోరు మూసుకోమని బాలాజీ కళ్ళతోనే వేడుకుంటున్నాడు. నేనేమో ఇంకా గట్టిగా చెప్పమంటున్నాడనుకున్నాను.

"అదీ కాదాంటీ! ఆ వెలగచెట్టు! మా అమ్మమ్మ వెలగపచ్చడి కూడా చేసేది!"

"విశాఖ! సామీ, అది మరిదికి! మా చిన్నోడు ఇంకా కాలేజీకి పోతా ఉండాడు!"

మామ, బావ, మరిది. చెట్టుకొకరు చొప్పున సాగనంపాను. ఆ ఇంట్లో ఇక నా బారిన పడనిది ఆవిడొక్కరే.

"నిజం చెప్పు పాపా, నీ నక్షత్రం నీకు తెల్సునా?"

"తెలీదాంటీ," అన్నాను. ఇక బాలాజీ నాకు దక్కడనే అనుకున్నాను.

"మీ అమ్మకు ఫోన్ చెయ్. నాకూ వినపడేట్టు పెట్టు."

స్పీకర్ పెట్టాను. "అమ్మా, నా నక్షత్రం ఏంటమ్మా?"

"ఎవరన్నా పెళ్ళివాళ్ళు అడిగారా? రేవతి అని చెప్పు."

రాజేశ్వరి గారి మొహం విప్పారింది. ఫోన్ అక్కడే పెట్టేసి ఉంటే ఈ కథ మీదాకా వచ్చేదే కాదు.

"నిజంగా రేవతేనా అమ్మా?"

"రేవతేంటే పిచ్చిమొహమా, ఆశ్లేష! అత్తకు గండమని సంబంధాలు రావని, ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. ఆ ముసలమ్మ దగ్గర నోరు జారావంటే చూడు!"

ఆ ముసలమ్మ నా పక్కనే ఉన్నారు.

ఫోన్ చేతిలోంచి జారి నేల మీద పడింది. బాలాజీ నెత్తి పట్టుకున్నాడు. రాజేశ్వరి గారు బెంచీ మీద కూలబడి, కొంగుతో మొహం కప్పుకున్నారు. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తున్నారని బెదిరిపోయి నీళ్ళసీసా అందించాను. తీరా చూస్తే ఆవిడ పడీ పడీ నవ్వుతున్నారు!

"నాదీ ఆశ్లేషనే పాపా! మా అమ్మ గూడా రేవతనే చెప్పి పెండ్లి చేసేసింది. యాడ బయటపడతాదో అని ఇన్నేండ్లూ ఒకటే బయం!"

"మరి మీ అత్తగారికి... ఏమైనా...?" అన్నాను.

"ఆమెకేమి? తొంబై దాటేసింది. ఈ పొద్దు గూడా దోసె మెత్తగా లేదని తిట్టి పంపించింది. గండం ఎవురికో నువ్వే చెప్పు!"

ఆ సాయంత్రమే నన్ను ఇంటికి తీసుకెళ్ళారు. మంచం మీది పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ఏ నచ్చత్రం?" అని గద్దించారు. నేను నోరు తెరిచేలోపే మా కాబోయే అత్తగారు, "రేవతి అత్తా!" అనేశారు.

అందుచేత భూమ్మీది సమస్త వృక్షజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: చదవడం రాని పలక ముందు నిలబడి ఏ చెట్టునూ నాదనను, మా అమ్మతో మాట్లాడేటప్పుడు స్పీకర్ ముట్టను, రేపు నాకో కోడలు వస్తే, తన నక్షత్రం ఏదని చచ్చినా అడగను. రేవతి అనే రాసుకుంటాను.