రత్నమ్మ చెప్పిన కిటుకు

రెండేళ్ల క్రితం బెంగళూరులో ఇడ్లీ, దోసె పిండి ప్యాకెట్లు అమ్మే కంపెనీలో చేరాను. కొనేవాళ్ల మనసులో ఏముందో తెలుసుకుని రిపోర్టు రాయడం నా పని. సర్జాపుర రోడ్డులో ఒక అపార్ట్‌మెంట్లో మా ప్యాకెట్లు అసలు అమ్ముడుపోవడం లేదని నన్ను పంపారు. అక్కడ అందరూ గేటు పక్కన బల్ల వేసుకుని పిండి అమ్మే రత్నమ్మ దగ్గరే కొంటున్నారు.

నేనెవరో చెప్పకుండా ఒక డబ్బా కొని ఆమెను మాటల్లోకి దింపాను. నేను తెలుగు మాట్లాడేసరికి సంబరపడి, తన స్టూలు నాకిచ్చింది.

"ఒంటిగా ఉండే పిల్లోళ్లకి పెద్ద డబ్బా దండగ మా, అందుకే చిన్నవి పెట్టినా. ముసలోళ్లకి పులుపు పడదు, వాళ్లకి అప్పుడే రుబ్బింది వేరే తీసి పెడతా" అని దాచుకోకుండా అంతా చెప్పేసింది.

అదంతా రిపోర్టులో రాశాను. మీటింగులో చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలల తర్వాత, మా కొత్త ప్యాకెట్లు ఎలా పోతున్నాయో చూడటానికి అక్కడికే వెళ్లాను. గేటు లోపలి షాపులో అవి అయిపోవచ్చాయి. రత్నమ్మ బల్ల మీద డబ్బాలు అలాగే ఉన్నాయి.

"చూసినావా మా, కంపెనీవాళ్లు నా మాదిరే చిన్నవి తెచ్చినారు. పులవనిది కూడా వేరే ఉండాది. వాళ్లకి ఎట్ల తెలిసిందో ఏమో!" అంది.

మెడలోని ఆఫీసు కార్డును గబుక్కున చున్నీ కిందికి తోసేశాను.

"ఎట్లాగూ మిగిలిపోతాది, తీసుకో మా" అంటూ డబ్బులు వద్దని ఒక డబ్బా నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఎవరిని ఏం అడగాలన్నా ముందు నేనెవరో, ఎందుకు అడుగుతున్నానో చెబుతున్నాను. రత్నమ్మకు మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.