‘ఆడతడు’ అన్నది నేనే

పెద్ద ఫుట్‌బాల్ జట్లకు ఆటగాళ్ల దెబ్బలు చూసేందుకు ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటాడు. ఆర్మూర్ మార్కెట్ యార్డు హమాలీల జట్టుకు ఆ మనిషిని నేను. పగలు ఎముకల డాక్టరు దగ్గర కాంపౌండరు పని, సాయంత్రం గ్రౌండ్‌లో మందుల సంచి మోసే పని. ఆ సంచిలో ఏముండేదనుకున్నారు? దూది, టింక్చరు, క్రేప్ పట్టీలు, ఒక డబ్బాలో పసుపు, ఇంకో డబ్బాలో సున్నం. మా దగ్గర కాలు బెణికితే ముందు పసుపు, సున్నం కలిపి పట్టు వేయాల్సిందే, దవాఖాన ఆ తర్వాత. పొద్దంతా పసుపు బస్తాలు మోసేవాళ్లకు వేరే మందు చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు.

మూడేళ్లు చేశాను. ఆ మూడేళ్లలో నన్ను ఎవడూ ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. జర నీళ్లియ్యమనేవాళ్లు, అంతే. నేను కట్టిన కట్టుతో గోల్ కొట్టినవాడు కూడా నా వైపు చూసేవాడు కాదు. లోపల మండిపోయేది. చదువు పదో తరగతితో ఆగిపోయినా గర్వానికి మాత్రం నాకు కొదవ లేదు.

ఒక ఎండాకాలం, యార్డుకు పసుపు రావడం తగ్గాక, నందిపేట్ జట్టుతో ఫైనల్ పడింది. మా జట్టులో గోల్ ముందు నిలబడి బంతిని ఆపేవాడు యార్డులో అందరికంటే ఎక్కువ బరువు ఎత్తే హమాలీ. నన్ను అన్నా అని పిలిచేవాడు. విరామానికి కాస్త ముందు అతని కాలు గుంతలో పడి మెలిక తిరిగింది. బూటు విప్పి, చీలమండ దగ్గరి బుడిపె ఎముకను వేలితో నొక్కాను. అతను గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది. మా డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడో! చుట్టూ కండ నొప్పి పెడితే ఫరవాలేదు, సరిగ్గా ఎముక మీదే నొప్పి ఉంటే ఇక అడుగు వేయనివ్వొద్దు, ముందు ఎక్స్‌రే తీయించాలి అని.

అతని బదులు ఆడాల్సినవాడు వేల్పూర్‌లో పెళ్లికి పోయాడు. జట్టును నడిపే కమీషన్ దుకాణం సేటు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

“డాక్టర్ సాబ్, నువ్వే చెప్పాలె. ఆడతడా, ఆడడా?”

డాక్టర్ సాబ్ అట! జట్టు మొత్తం నా నోటి వైపే చూస్తోంది. ఆడడు అంటే ఆట పోతుంది, నేను మళ్లీ నీళ్ల సీసాల దగ్గరికి పోతాను.

“ఆడతడు,” అన్నాను.

కింద కాలు చాపుకుని ఉన్న అతను మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అడిగాడు. “మస్తు నొస్తుందన్నా. ఏం గాదంటవా?”

“ఏం గాదు. నేనున్న గద.”

పసుపు, సున్నం కలిపి మందంగా పట్టు వేశాను. ఎర్రబడిన ఆ ముద్ద కింద వాపు ఎవరికీ కనబడలేదు. నిజానికి నేను వేసింది అందుకే. పైన పట్టీ బిగించి కట్టాను. అతను లేచి, రెండు అడుగులు వేసి, నా వైపు చూసి తలూపి లోపలికి పరుగెత్తాడు.

ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, ఎవరూ తగలకుండానే కూలిపోయాడు. గీత అవతలికి మోసుకొచ్చి, ఆటో పిలిపించేలోపు మేం ఒక గోల్‌తో గెలిచాం. నిజామాబాద్ పెద్ద దవాఖాన దాకా అతని వెంట పోవాల్సింది నేను. సరిగ్గా అప్పుడే సేటు నా భుజం మీద చెయ్యేసి, ఫొటోకు ముందు వరుసలో నిలబడమన్నాడు. ఆటోలో ఉన్నవాళ్లతో మీరు నడవండి, వెనకాలే వస్తానన్నాను. ఛీ, ఏం బతుకు నాది. ఆ ఫొటోలో నా చేతులు పసుపు సున్నంతో ఎర్రగా ఉన్నాయి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాను.

ఎముక రెండు ముక్కలైంది. అతికింది గానీ వంకరగా అతికింది. ఆ తర్వాత అతను బస్తా ఎత్తలేదు. యార్డులో ఒక మూలన కూర్చుని, మిగతావాళ్లు ఎత్తే బస్తాల మూతులు కుట్టేవాడు. నేను జట్టు వదిలేశాను. ఎందుకని అడిగినవాళ్లకు టైం దొరకడం లేదని చెప్పాను.

రెండేళ్లకు ఒకరోజు అతను కుంటుకుంటూ మా దవాఖానకు వచ్చాడు, పక్కన భార్య ఉంది. కాలికి కొత్త పట్టీ కావాలన్నాడు. నేను తలెత్తకుండా తీసిచ్చాను. అతను ఆమెకు నన్ను చూపించాడు.

“నేను చెప్తుంట గద, గీ అన్ననే. గానాడు పసుపు కట్టు కట్టకుంటే నా కాలే పోతుండె.”

చెప్పు, ఇప్పుడైనా చెప్పరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆమె చేతిలో సంచి కింద పెట్టి, నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది.

నేనూ తిరిగి దండం పెట్టాను.