నాయిన పుస్తకాలు, మా నవలలు

మొన్న షాద్‌నగర్‌లో, మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకామె, అక్క పెళ్లికి కొన్నానంటూ నారాయణపేట చీర తెచ్చి బల్ల మీద మడత విప్పింది. గంజి, రంగు కలిసిన ఆ పచ్చి వాసన రాగానే మిగతావాళ్లంతా అంచు బాగుందని, రంగు బాగుందని మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం నవలలు గుర్తుకొచ్చాయి. నేను మొదట చదివిన నవలలన్నీ ఆ వాసనలో కూర్చుని చదివినవే.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఐదో తరగతి. నారాయణపేటలో మా ముందుగది మొత్తం గుంట మగ్గానిదే. అమ్మ గుంటలో కాళ్లతో పలకలు తొక్కుతూ నేస్తుంటే, గడప పక్కన మా అవ్వ, అంటే నాయిన తల్లి, రాట్నం ముందేసుకుని కండెలకు నూలు చుట్టేది. బడి నుంచి వచ్చి, జొన్నరొట్టె మీద ఎర్రకారం, నూనె రాసి చుట్టగా చుట్టుకుని తింటూ, గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలతో వాళ్లిద్దరి మధ్య కూర్చునేదాన్ని. అవ్వకు చదువు రాదు, అమ్మకు వచ్చినా చేతులు ఖాళీ ఉండవు, కాబట్టి మగ్గం చప్పుడును దాటేలా గొంతు పెంచి నేనే చదవాలి. ఎండాకాలం తలుపుకు తడి గోనెపట్టా కట్టుకుని చదివాం, వానాకాలం గుంటలో చెమ్మ ఊరి పని ఆగిపోయిన రోజుల్లో ఉడికించిన పల్లికాయలు ఒలుచుకుంటూ చదివాం, బతుకమ్మ పండుగ ముందు అవ్వ రొట్టె నలిపి మలీద ముద్దలు కడుతుంటే బెల్లం అంటిన వేళ్లతో పేజీలు తిప్పి గ్రంథాలయంలో చీవాట్లు తిన్నాను. కథ బిగిసిన చోట మగ్గం చప్పుడు దానంతటదే ఆగిపోయేది. నవల బాగుందా లేదా అని నేను అప్పట్లో తేల్చుకున్నది అమ్మ కాళ్లను బట్టే.

అవ్వ తీర్పులు ఇంకా కఠినంగా ఉండేవి. పెద్ద బంగళాలో పియానో వాయించే అందగత్తె నవల ఒకటి సగం దాకా విని, రాట్నం ఆపి, "గీమె ఇంట్ల అంట్లు ఎవరు తోముతరు బిడ్డ? గది రాయలేదా?" అని అడిగింది. వెతికాను, రాయలేదు. ఇప్పటికీ కొత్త నవల తెరిస్తే, ఇందులో అంట్లు తోమేవాళ్లు ఎక్కడున్నారని నా కళ్లు వెతుకుతూనే ఉంటాయి.

నాయిన అంతకు చాలా ముందే మగ్గం వదిలేసి షాద్‌నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో చేరాడు. శనివారం రాత్రి బస్సు దిగి వచ్చేవాడు. సంచిలో సీతాఫలాల కాలమైతే సీతాఫలాలు, లేకపోతే అరటిపళ్లు, వాటి కింద బస్టాండు ముందు ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం. గెలవడం ఎలా, భయం పోగొట్టుకోవడం ఎలా, తెల్లవారకముందే లేస్తే జీవితం ఎలా మారుతుంది, అన్నీ అలాంటివే. సూపర్‌వైజర్ కావాలన్నది ఆయన కోరిక. ఆదివారం పొద్దున గోడకున్న అద్దం ముందు నిలబడి, "నాలో శక్తి ఉన్నది, నేను సాధించెదను" అని పుస్తకంలోని భాషలో గట్టిగా అనుకునేవాడు. ఆ భాష మా ఇంట్లో ఇంకెవరూ మాట్లాడరు కాబట్టి, ఎవరో చుట్టాలు వచ్చారేమోనని నేను లేచి చూసేదాన్ని.

"కతలు సదివితే ఏమొస్తది? గివి సదువు, పైకొస్తవు," అని నా చేత ఒక అధ్యాయం చదివించేవాడు. పొద్దుగాల లేవాలనే అధ్యాయం విని అవ్వ, "నేను పుట్టినకాడికెల్లి కోడికంటె ముందు లేస్తనే ఉన్న. మరి నేను ఏమైన?" అంది. నాయిన తర్వాతి పేజీ తిప్పమన్నాడు. నాకూ ఆ పుస్తకాలు రుచించలేదు. వాటిలో వాన పడదు, దారం తెగదు, ఎవరికీ జ్వరం రాదు. రాసినాయనకు ఇంట్లో ముసలితల్లి ఉన్నట్టే తోచేది కాదు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ సూపర్‌వైజర్ పని వేరే అతనికి ఇచ్చారు. కొన్నాళ్లకు ఫ్యాక్టరీయే మూతపడింది. నాయిన వారం మధ్యలో ఇంటికొచ్చి, పుస్తకాలన్నీ బియ్యం సంచిలో కుక్కి, పాత సామాన్లవాడికి వెయ్యమని అమ్మతో చెప్పి, లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ శ్రావణమంతా అలాగే గడిచింది. పిలిస్తే లేచి తినేవాడు, మళ్లీ పడుకునేవాడు. అమ్మ నేస్తూనే ఉండేది. అవ్వ మాత్రం కండె చుడుతూ చుడుతూ లోపలి గది వైపు చూసేది. సంచిని ఎవరూ అమ్మలేదు.

అప్పుడు మేం చదువుతున్న నవలలో, చిన్న రైల్వే స్టేషన్ ముందు అన్నం వండి అమ్ముకునే ఒక విధవరాలు ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన నవల అదే. ఆమె గుడిసె తీసేయాలని స్టేషన్ మాస్టరు చెప్పి పంపిన చోట, ఒక సాయంత్రం అవ్వ బయటికి వెళ్లడంతో నేను చదవడం ఆపాను. లోపలి గదిలోంచి, "తర్వాత ఏమైంది?" అని వినిపించింది.

అమ్మ నా వైపు చూసి, చదవమన్నట్టు తలూపింది. నేను చదవసాగాను. కాసేపటికి నాయిన వచ్చి, ఖాళీగా ఉన్న రాట్నం ముందు కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లయినా చేతులు మరిచిపోలేదు, కండె ఒద్దికగా నిండింది. అవ్వ తిరిగొచ్చి ఆ దృశ్యం చూసి గడప మీద కూర్చుంది.

కథలో విధవరాలు ఏడుస్తూ సామాన్లు సర్దుతోంది. నాయినకు కోపమొచ్చింది. "గట్ల ఏడిస్తే ఎట్ల? పోయి నోరు తెరిచి అడగాల. అడగకుంటె ఎవడిస్తడు?" అన్నాడు. అది ఆయన పుస్తకాల్లోని మాటే.

అవ్వ నెమ్మదిగా అడిగింది. "మరి నువ్వు అడిగినవా కొడుకా?"

మగ్గం ఆగిపోయింది. నాయిన దారం చివర వేలికి చుట్టుకున్నాడు. "లేదే అమ్మా. అద్దం ముందట రోజూ అడిగిన. సారు ముందట నోరు లేవలే," అన్నాడు.

ఎవరూ ఆయన్ని ఓదార్చలేదు. "సదువు బిడ్డ," అని అమ్మ అంది. ఆ తర్వాతి అధ్యాయంలో విధవరాలు కొంగు నడుముకు దోపుకుని స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్తుంది. తనకు ఇల్లెందుకు కావాలో, ఆ అన్నం ఎవరెవరు తింటున్నారో ఒక్క పెద్ద మాట లేకుండా చెబుతుంది. ఆ అధ్యాయాన్ని నాయిన నాచేత రెండోసారి చదివించుకున్నాడు.

మర్నాడు గడ్డం గీసుకుని షాద్‌నగర్ బస్సెక్కాడు. పాత మేనేజరు ఇంకో కంపెనీలో ఉన్నాడని తెలుసుకుని, నేరుగా పోయి పని అడిగాడు. సూపర్‌వైజర్ పని రాలేదు, మామూలు పనే ఇచ్చారు. ఆ శనివారం అన్నం తింటూ, తను ఏం మాట్లాడాడో, సారు ఏమన్నాడో మాటకు మాట చెబుతుంటే, నవల విన్నట్టే విన్నాం. షిఫ్టు బాధ్యత ఆయనకు దక్కేసరికి నేను ఇంటర్‌లో ఉన్నాను. బియ్యం సంచిలోని పుస్తకాలు ఆ తర్వాత నేను ఒక్కొక్కటీ తీసి చదివాను. చిన్నప్పుడు అనుకున్నంత చెడ్డవి కావు. భయపడే మనిషి రాత్రి పక్కన పెట్టుకుని పడుకోవడానికి పనికొస్తాయి. పొద్దున లేచి నడవడానికి మాత్రం మా నాయినకు ఆ విధవరాలు కావలసొచ్చింది.

అవ్వ ఇప్పుడు లేదు. అమ్మ కళ్లు మసకబారాక మగ్గం తీసేసి, గుంట పూడ్చి, పైన బండలు పరిపించారు. అక్కడిప్పుడు ఫ్రిజ్ ఉంది. గ్రంథాలయంలో ఆ నవల కోసం అడిగితే, పాడైన పుస్తకాలతో పాటు తీసేసి ఉంటారన్నారు. ఎంత వెతికినా ఇంకో ప్రతి దొరకలేదు.

నేను షాద్‌నగర్‌లో ఒక అమ్మాయితో కలిసి గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. రోజూ చదువుతూనే ఉన్నాను గానీ, అందరిలాగే పెదవి కదలకుండా. నిన్న సాయంత్రం ఒక నవలలో మంచి చోటు వచ్చి, తెలియకుండానే పైకి చదివేశాను. గదిలోని అమ్మాయి చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి, "నన్ను పిలిచినవా అక్కా?" అంది.

"లేదమ్మా," అన్నాను.

ఆమె మళ్లీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.