పిల్లల మేర

మొన్న మా కోడలు ఎవరినో బతిమాలి ఒక చిన్న సంచిలో మొలగొలుకుల బియ్యం తెచ్చింది. ఇప్పుడు ఆ వరి వేసేవాళ్లే తక్కువ. ఆరు నెలలు పొలంలో నిలబడే పంటకు ఎవరు కాపు కాస్తారు? కుక్కర్లో పెట్టొద్దు, గిన్నెలో ఎసరు పెట్టి వండమన్నాను. కోడలు నవ్వుకుంటూ వెళ్లింది. కాసేపటికి గంజి పొంగి మంట మీద పడి మాడిన వాసన ముందుగదిలోకి వచ్చింది. దాని వెనకే ఉడుకుతున్న అన్నం వాసన. చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసన తగిలితే నాకు పెంచలమ్మక్క గుర్తుకు రాకుండా ఉండదు. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు నేనూ, మా పిల్లలూ, ఊళ్లో ఒకరిద్దరు ముసలివాళ్లూ తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను.

పెంచలమ్మక్క మా ఆయన అన్నగారి భార్య, అంటే నా పెద్ద తోడికోడలు. మా ఊరు ఇందుకూరుపేటకు తూర్పున ఉంది. మధ్యాహ్నం దాటి గాలి తిరిగితే మైపాడు సముద్రం హోరు మా పెరట్లోకి వినిపించేది. మా ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. పెద్దబావగారూ మా ఆయనా సేద్యం చేసేవాళ్లు. మా మరిది సుబ్బరామయ్య నెల్లూరులో ఒక ధాన్యం మండీలో గుమాస్తా. అక్కకు పిల్లలు లేరు. నాకు నలుగురు. మరిదికి కొత్తగా పెళ్లయింది. పళ్లు ఊడిపోయిన మామగారు వసారాలో మంచం మీద ఉండేవారు. ఇంతమందికీ ఒకటే పొయ్యి. ఆ పొయ్యికి యజమాని అక్క.

ఆమె పొట్టిగా, గట్టిగా ఉండేది. గొంతు పెద్దది, నోరు ఇంకా పెద్దది. తిట్టిన నోటితోనే అన్నానికి పిలిచేది కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు. బియ్యం కొలవడం మాత్రం ఎవరికీ వదిలేది కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆమె లేదని నేనే రోజూ పోసే లెక్కన బియ్యం పోశాను. ఆమె వచ్చి ఎసట్లోకి తొంగి చూసి, సగం బియ్యం వెనక్కి తీయించి నన్ను కూర్చోబెట్టుకుంది. "ఇల్లు రోజూ ఒకే రకంగా ఉంటదా మే? ఈ పొద్దు దుక్కి లేదు, మొగోళ్లకి ఆకలి తక్కువ. సుబ్బరామయ్యకి జొరం. ముసిలాయనకి మెతుకులు తగ్గించి పాలు పెంచాల. మనుషుల్ని చూసినాక గదా చాట పట్టుకోవాల?" అంది. నేను పసిపిల్ల తల్లిగా ఉన్న రోజుల్లో నాకోసం ఒక గుప్పెడు ఎక్కువ పోసేది. పిల్ల పాలు మానాక ఆ గుప్పెడు ఆగిపోయింది. పెట్టినప్పుడూ చెప్పలేదు, ఆపినప్పుడూ చెప్పలేదు.

సంబంధాల మాట వస్తే మా మామగారు ఎకరాలు అడిగేవారు. అక్క మాత్రం ఆ ఇంట్లో బంతిన కూర్చునేవాళ్లు ఎందరు, లేచి పొలానికి పోయేవాళ్లు ఎందరు అని అడిగేది. పిల్లల వయసులు విని, ఆ ఇల్లు ఇంకో ఐదారేళ్లు ఇబ్బంది పడుతుంది, ఆ తర్వాత పట్టడానికి చేతులు వస్తాయి అని జోస్యం చెప్పినట్టు చెప్పేది. చంటిపిల్లల ఇంట్లో డబ్బు మందులకు పోతుందనీ, బడి పిల్లల ఇంట్లో పలకలకూ కిరసనాయిలుకూ పోతుందనీ, ముసలివాళ్ల ఇంట్లో పొగాకుకూ కషాయాలకూ పోతుందనీ ఆమె వాదన. "మరి నీ డబ్బు దేనికి పోతుంది వదినా?" అని ఒకసారి మరిది ఆటపట్టించాడు. "మీ అందరి నోళ్లకి అబ్బయా" అంది. ఆ జవాబుకు అందరం నవ్వాం, ఆమె కూడా.

మామగారు పోయిన ఏడాది తిరక్కముందే వేరుపడే మాట వచ్చింది. తెచ్చింది మరిది. అతని మాటలో తప్పేమీ లేదని నాకు అప్పుడే తెలుసు. ఇంట్లోకి నెలనెలా రొక్కం తెచ్చేది అతనొక్కడే. తినేవాళ్లలో సగం మంది నా వాళ్లు. అతని భార్య ఒక రవికె గుడ్డ కొనుక్కోవాలన్నా మా పిల్లల పుస్తకాలు అయ్యేదాకా ఆగేది. తెగించి అడిగినందుకు నాకు అతని మీద కోపం రాలేదు, భయం వేసింది. పొలం అన్నదమ్ముల లెక్కన మూడు భాగాలవుతుంది. ఇద్దరున్న ఇంటికీ, ఆరుగురున్న ఇంటికీ అదే భాగం. మా ఆయన ఒక్కడి చేతుల మీద మేం గట్టెక్కేదెలా అన్నది ఒక భయం. దాని కింద ఇంకో భయం ఉంది. నా రెండో వాడు శీనయ్యకు అప్పుడు ఏడేళ్లు. వాణ్ణి పెంచలమ్మక్కకు దత్తు ఇచ్చేస్తే రెండిళ్లూ కుదుటపడతాయని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు. మా అమ్మ కూడా వచ్చినప్పుడల్లా ఆ మాట నా చెవిన వేసి పోయేది. వాడు పగలంతా అక్క కొంగు పట్టుకునే తిరిగేవాడు.

పంపకాలకు వెంకటాచలం నుంచి మా ఆయన మేనమామ వచ్చాడు. మాసూళ్ల రోజులు. నూర్పిడి అయిన వరి సగం తూర్పార పట్టి కళ్లంలో రాశి పోసి ఉంది. మిగతాదానికి సముద్రం గాలి కోసం ఎదురుచూస్తూ మగవాళ్లు చేటలు పట్టుకుని కూర్చున్నారు. పొలాల పంపకం పొద్దున్నే తేలిపోయింది. ఆ ఏటి ధాన్యం ఎలా పంచాలన్న మాట దగ్గర మా ఆయన నోరు తెరిచి, పిల్లలున్నవాణ్ణి, కొంచెం చూడండి అన్నాడు. మేనమామ దానికి కూడా తయారుగానే వచ్చాడు. నలుగురున్న ఇంటి నుంచి ఒకణ్ణి ఎవరూ లేని ఇంటికి ఇస్తే ఇటు ఖర్చు తగ్గుతుంది, అటు వంశం నిలుస్తుంది, ఇక కొలతల్లో తేడాలు అక్కర్లేదు అన్నాడు. అందరూ తల ఊపారు. మా ఆయన నేల చూస్తున్నాడు. నేను శీనయ్య కోసం వెతికాను. వాడు గడ్డివామి మీద దొర్లుతున్నాడు. ఇవ్వను అంటే మిగతా ముగ్గురికీ అన్నం తగ్గుతుంది. ఇస్తాను అనడానికి నోరు రాదు.

అక్క ఆడవాళ్ల మధ్య నుంచి లేచి కళ్లంలోకి వచ్చింది. రాశి దగ్గర నిలబడి మేనమామతో చాలా నిమ్మళంగా మాట్లాడింది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

"ఆ మాట వదిలెయ్యండి మామా. బిడ్డని ఈ ఇంట్లో నుంచి ఆ ఇంట్లోకి మారిస్తే ఖర్చు సమం అవుద్ది. ఆ పిల్ల కడుపు సమం అవదు" అంది. పిల్ల అన్నది నన్ను. తర్వాత రాశి వైపు చెయ్యి చూపించింది. "కమ్మరికి, వడ్రంగికి, చాకలికి మేరలు కొలిచినాక గదా మన వాటాలు తీసుకుంటా ఉండాం. మన బిడ్డలకి గూడా అట్నే ముందర కొలవండి. ఎవురి బిడ్డలని చూడబాకండి. తలకింతని కొలిచి, మిగిలింది మూడు వాటాలు వేసుకోండి."

మేర అంటే ఏడాదంతా ఊరికి పని చేసిపెట్టే వృత్తులవాళ్లకు కళ్లంలోనే ముందుగా కొలిచి ఇచ్చే ధాన్యం. ఇంటి పిల్లలకు మేర కొలవడం ఎవరూ విని ఉండలేదు. కొందరు నవ్వారు. మరిది నవ్వలేదు. మాకింకా పిల్లలు లేరే, మా వాటాలోంచి ఎందుకు పోవాలి వదినా అని అడిగాడు.

"నాకు మాత్రం ఉండారా అబ్బయా?" అంది అక్క.

పెద్దబావగారు లేచి కుంచం అందుకున్నారు. మా నలుగురు పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెబుతూ నాలుగు చిన్న కుప్పలు కొలిచారు. ఈలోగా గాలి తిరిగింది. మిగిలిన వరి తూర్పార పట్టడానికి మగవాళ్లు లేచారు. నేను గడ్డివామి వెనక్కి పోయి కరువుతీరా ఏడ్చాను.

వేరుపడ్డాక మూడు పొయ్యిలయ్యాయి, కళ్లం మాత్రం ఒకటే. అక్క ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ. ఇద్దరే ఉన్న ఇంట్లో ఖర్చు ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. మైపాడు నుంచి చేపలమ్మి బుట్ట దించితే నేను నెత్తళ్లు తీసుకునేదాన్ని. చిన్న చేపలయితే పళ్లేనికి నాలుగైనా పడతాయి. అక్క మొదటిసారి దర్జాగా వంజరం ముక్కలు కోయించుకుంది. వండింది. పులుసు వాసన గోడ దాటింది. మా పిల్లలు వరసగా వెళ్లి ఆమె గడపలో కూర్చున్నారు, ఏమీ అడగకుండా. పెద్దబావగారికి ఆ పూట పులుసు మాత్రమే మిగిలిందట. మర్నాటి నుంచి అక్క కూడా నెత్తళ్లే కొంది. "వంజరం తినే యోగం నాకు యాడిదమ్మే, గోడవతల నక్కల్ని పెట్టుకోనుండా" అని చేపలమ్మికి చెబుతుంటే నాకు వినిపించేలాగే చెప్పింది.

శీనయ్య తిండి ఎక్కువగా అక్కడే. నేను వద్దనలేదు. కానీ వాడు అక్కడ భోంచేసినప్పుడల్లా నా చెవులు గోడ మీదే ఉండేవి. వాడు ఆమెను అమ్మా అంటాడేమోనని. ఒకసారి అన్నాడు కూడా. "అమ్మ గోడకవతల ఉండాది. నేను పెద్దమ్మని. కూడు తిన్నావు గదా, పోయి మీ అమ్మ పక్కన పడుకో" అన్న ఆమె గొంతు వినిపించింది. పొద్దు గూకేసరికి వాణ్ణి చెయ్యి పట్టుకుని మా గడపలో దించి పోయేది. జ్వరం వచ్చి వాడు ఆమె మంచం దిగనన్న రోజున కూడా ఎత్తుకొచ్చి నా ఒళ్లో పడుకోబెట్టింది. తను అక్కడే నేల మీద కూర్చుంది.

ఏళ్లు గడిచాయి. మా పెద్దవాడు నాగలి పట్టాడు, పెద్దపిల్ల నాట్లలో నాతో సమానంగా నిలిచింది. మా ఇంట్లో తినే నోళ్లు తగ్గలేదు కానీ చేతులు పెరిగాయి. మరిదికి ఈలోగా వరసగా పిల్లలు పుట్టారు, అందులో ఒక కాన్పున కవలలు. మండీ జీతం పాలకూ మందులకూ చాలని రోజులొచ్చాయి. ఆ ఏడు మాసూళ్లకు అతను కళ్లంలో ఒక పక్కగా నిలబడ్డాడు. అక్క చెప్పకుండానే మా ఆయన కుంచం తీసుకుని మరిది పిల్లల పేర్లు చెబుతూ కుప్పలు పోశాడు. ధాన్యం బండికెక్కించాక మరిది అక్క దగ్గరికి వెళ్లి కాళ్లకు దణ్ణం పెట్టాడు. ఆమె విదిలించుకుని, కవలలకు ఒక కుప్పే సరిపోదా అని తగువు పెట్టుకుంది. అప్పటికే రెండు కుప్పలూ బండెక్కాయని ఆమెకూ తెలుసు.

పెద్దబావగారు హఠాత్తుగా పోయారు. అక్క ఇంట్లో ఒక్కతే మిగిలింది. మా పొయ్యి దగ్గరికి రమ్మంటే రాలేదు. కొన్ని నెలలు ఆమె ఇంట్లో పొగ పొద్దున ఒకసారే లేచేది. తర్వాత ఒకరోజు తనే చిన్న చేటలో బియ్యం పట్టుకుని మా వంటింట్లోకి వచ్చింది. ఒక్క మనిషికి వండుకున్నా నలుగురికి వండినన్ని కట్టెలు కాలతాయని, అది దండగ ఖర్చని వాదించింది. నా బియ్యం నేను తెచ్చుకున్నానని నా కళ్ల ముందే ఎసట్లో పోసింది. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే వెనక్కి పోయేది. ఆ బియ్యం ఒక్క మనిషికి కావలసిన దానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉండేది.

శీనయ్య పై చదువుకు నెల్లూరు వెళ్లే ముందు రోజు. వాడికి కట్టివ్వడానికి ఇద్దరం పెరట్లో బియ్యం చెరుగుతున్నాం. గాలి తిరిగి సముద్రం హోరు మొదలైంది. అక్క చేట ఆపకుండానే అడిగింది.

"ఆ పొద్దు కళ్లంలో నేను నోరు తెరిచి వాణ్ణి ఇమ్మని అడిగుంటే, ఇచ్చుండేదానివా మే?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఆమె ముందు చేతకాలేదు. "ఇచ్చుండేదాన్ని అక్కా" అన్నాను.

"అందుకే అడగలా" అంది.

కాసేపు చెరిగింది. "అడగాలని శానా ఉండింది" అని, పైటతో మొహం తుడుచుకుని, బియ్యంలో రాళ్లు ఏరకుండా ఎటో చూస్తున్నావేమని నన్ను కసిరింది. నేను చేట కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఎవరింటికి వెళ్లినా నా కళ్లు ఇంటి గోడల మీద నిలవవు. తినేవాళ్లు ఎందరు, తెచ్చేవాళ్లు ఎందరు, చంటిబిడ్డ ఉందా, ముసలివాళ్లు ఉన్నారా అని చూస్తాను. మా శీనయ్య నెలకోసారి నన్ను చూడటానికి వస్తాడు. మొన్న మొలగొలుకుల అన్నం వాడి కోసమే వండించాను. ముందుగా ఒక గుప్పెడు బియ్యం తీసి విడిగా పెట్టమన్నాను కోడలితో. పక్క వాటాలో ఉండే అమ్మాయి బాలింత. పొద్దు గూకాక శీనయ్య బయల్దేరుతుంటే ఎప్పటిలాగే గడప దాకా వెళ్లాను. వాడి చెయ్యి వదలడానికి నాకు ఇప్పటికీ ఎంత కష్టమో, రోజూ సాయంత్రం ఆ చేతిని నా గడపలో వదిలి వెళ్లిన ఆమెకు ఎంత కష్టమయి ఉంటుందో అనుకుంటూ అక్కడే నిలబడ్డాను.