చెవి దగ్గర గొడ్డలి

అరకు సంతలో ఆ ముసలి కమ్మరి ఏ గొడ్డలినైనా చెవి దగ్గర ఊపి, తల కదులుతున్న చప్పుడేమైనా వస్తోందేమోనని విన్నాకే అమ్మేవాడు. కొండల్లో టెంటు వేసుకుని ఉండబోతున్నానని, బ్యాగులో పట్టే చిన్న గొడ్డలి కోసం వెళ్లాను. కర్ర తెల్లగా, కొత్తగా ఉన్నదాన్ని ఎంచుకున్నాను. ఆయన ఊపి విన్నాడు. కర్రను గోటితో గీరి చూసి పక్కన పెట్టేశాడు.

"పచ్చికర్ర బాబూ. ఎండితే తల వదులైపోతాది. నెల పోయినాక రా."

"రెండు రోజుల పనే కదా తాతా, ఇచ్చెయ్," అన్నాను.

ఆయన ఆ గొడ్డలిని నాకు అందకుండా ఇంకా వెనక్కి జరిపాడు.

"నానూ అలాగే అనుకున్నాను. వానలు వచ్చేత్తన్నాయని బేగి పచ్చికర్ర ఏసీసినాను. ఎండినాక కట్టెలు కొడతంటే తల ఊడి ఎగిరిపోనాది. ఎదర మా ఇంటిది కూకుని సేటతో సోళ్లు సెరుగుతంది."

తర్వాత ఏమైందని నేను అడగలేదు. ఆయన వెతికి, కర్ర నల్లబడిన పాత గొడ్డలి ఒకటి తీశాడు. ఊపి, విని, నా చేతికిచ్చాడు.

"కొట్టీటప్పుడు ఎదర ఎవుల్నీ కూకోనీకు."

డబ్బులిచ్చి నాలుగడుగులు వేశానో లేదో, వెనక్కి పిలిచాడు. గొడ్డలి నా చేతిలోంచి తీసుకుని, కళ్లు మూసుకుని, ఇంకోసారి విన్నాడు.