చేరేదాకా చీపురు పట్టరాదు

నిన్న రాత్రి మా మనవరాలు లండన్ విమానం ఎక్కింది. ఇవాళ పొద్దున్నే కోడలు ఫోన్ చూసి, "తొమ్మిది వేల ఏడువందల కిలోమీటర్లు, పన్నెండు గంటలేగా, దిగిపోతూ ఉంటుంది" అంటూ చీపురు అందుకోబోయింది. "ముందు దాన్ని అక్కడ పెట్టు!" అని గదిమాను. ఊరెళ్ళినవాళ్ళు చేరేదాకా ఇల్లు ఊడవకూడదని మా ఇళ్ళలో పట్టింపు. ఊడిస్తే వాళ్ళని గెంటేసినట్టేనట. ఆ పట్టింపుకి మా ఇంట్లో కాపలాదారు మా నాయనమ్మ.

మా దీవికి స్వాతంత్ర్యం రావడానికి రెండేళ్ళ ముందు మాట. మా ఊరు ప్లేన్ మాన్యెన్‌లో మా పెరటి చెరుకు మీదుగానే విమానాలు లేచేవి. మా మేనత్త, నాయనమ్మకి కడగొట్టు కూతురు, నర్సు చదువుకని లండన్ బయల్దేరింది. సాగనంపడానికి సెయింట్ పియర్ చుట్టాలతో సహా ఊరంతా దిగింది. వాళ్ళు వెళ్ళాక మా నట్టిల్లు చూడాలి! వేరుశనగ తొక్కలు, బంతి రేకులు, అక్షింతలు, మట్టికాళ్ళ గుర్తులు. ఆ రాత్రి ఆ చెత్తలోనే పడుకున్నాం. మన తాతలు విశాఖ వైపు నుంచి ఓడలో ఈ దీవికి వచ్చినప్పుడు వాళ్ళమ్మలు వారాల తరబడి ఇల్లు ఊడవలేదా అని నాయనమ్మని ఆటపట్టించాను. "ఊడవలేదు గనకే నువ్వున్నావు" అంది.

అప్పటికి నేను బడిలో కొత్తగా లెక్కల టీచరుని. మనకి తెలియని లెక్క ఉంటుందా! విమానాలు దారిలో దిగుతూ లేస్తూ వెళ్ళే రోజులవి. చేరే వేళ మర్నాడు మధ్యాహ్నం రెండు అని టికెట్ మీద ఉంది. మా గోడ గడియారం రెండు కొట్టగానే, "చేరిపోయింది నాయనమ్మా, కావాలంటే రాసిస్తాను" అన్నాను. ఆవిడ నా మాట నమ్మి, కొంగు నడుముకి చెక్కి, మూలమూలలా ఊడ్చి, చెత్త పెరట్లో పోసి వచ్చింది.

మూడింటికి మా చిన్నాన్న పని దిగి వచ్చాడు. విమానాశ్రయంలో సామాన్లు మోసే పని ఆయనది. శుభ్రమైన నేల చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బోందియే, దేవుడా! ఎవరు ఊడవమన్నారు? రెండంటే అక్కడి రెండు. వాళ్ళ గడియారం మనకంటే నాలుగు గంటలు వెనక. అవియోన్ ఇంకా గాల్లోనే ఉంది!"

నాయనమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "మో తీఫీ! నా పిల్లని నేనే గెంటేశానా?" అంది. నన్ను తిట్టినా బాగుండేది. ఆవిడ చేట తీసుకుని పెరట్లోకి వెళ్ళి, పోసిన చెత్తంతా ఎత్తుకొచ్చి నట్టింట్లో చల్లేసింది. "ఏది ఎక్కడుందో గుర్తుందా?" అని మాత్రం అడిగింది. గుర్తున్నంతవరకు ఒక్కొక్క తొక్కా తీసి సర్దాను. ఆరు కొట్టాక చీపురు తెచ్చి ఇవ్వబోతే, "నీ లెక్క నాకొద్దు, టెలిగ్రాం రానీ" అంది. అది మర్నాటి మధ్యాహ్నం వచ్చింది, క్షేమంగా చేరానని. నాయనమ్మ దాన్ని కళ్ళకద్దుకుని, చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ఏడుస్తూనే ఊడ్చాను.

ఇప్పుడే ఫోన్ మోగింది. "దిగాను, నాయనమ్మా!" అంది మనవరాలు. కోడలు నవ్వుతూ చీపురు తీసింది. ఇంకో నాలుగు గంటలు ఆగమన్నాను. విమానాలు ఎంత వేగంగా వెళ్తేనేం, ఆ రోజు నేను తొందరపడిన నాలుగు గంటలూ నాకింకా గడవనేలేదు.